సమవేగ శోషణ: బోదకాలు మందు నుంచి ఉప్పు వరకు
1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో వెలువరించిన డైఇథైల్‌కార్బమజైన్, గోదావరి జిల్లాలను తరతరాలుగా పీడించిన బోదకాలుకు, అంటే ఫైలేరియాకు, ముఖ్య ఔషధమయింది. మామూలుగా మింగిన మందు రక్తంలో చేరే వేగం, పేగులో మిగిలిన మోతాదుతోపాటు తగ్గుతుంది. మిగిలినదానితో నిమిత్తం లేకుండా గంటకు ఒకే పరిమాణం చేరితే దానిని సమవేగ శోషణ, లేదా శూన్యక్రమ శోషణ అంటారు.

1937లో స్వీడన్ శాస్త్రవేత్త టియొరెల్ శరీరాన్ని గదులుగా భావించి వాటిలో మందు కదలికకు సమీకరణాలు రాయగా, 1960లలో వాగ్నర్, నెల్సన్ శోషణక్రమాన్ని ముందే ఊహించకుండా రక్త నమూనాల నుంచే దానిని గణించే మార్గం చూపారు. శోషణకు మిగిలిన భాగం కాలంతో సరళరేఖగా తగ్గితే అది శూన్యక్రమమని తేలుతుంది, ఈ పద్ధతి అసలైన బలమూ అదే. మందు ఇలా సమవేగంతో చేరుతూ ఉంటే, చేరే వేగాన్ని క్లియరెన్స్‌తో, అంటే నిర్ణీత కాలంలో మందు నుంచి విముక్తమయ్యే రక్త పరిమాణంతో భాగిస్తే నిలకడ గాఢత వస్తుంది. చైనాలోనూ కారైకాల్‌లోనూ డైఇథైల్‌కార్బమజైన్‌ను వంట ఉప్పులో కలిపి పూటపూటా కొద్దికొద్దిగా అందించిన విధానం ఈ సమవేగానికి ఎంతో దగ్గరగా వచ్చింది.