చక్రాల మీద నాలుగు రోజుల కాపురం

మేడారం జాతర దగ్గరపడుతోందంటే రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లలో ట్రాక్టర్ ట్రాలీ ఇల్లయిపోతుంది. మొన్నటిదాకా వడ్లు, ఇటుకలు, పెంట ఎరువు మోసిన ఇనుప డబ్బాను శుభ్రంగా కడుగుతారు. నాలుగు మూలలా పైపులు నిలబెట్టి, వాటి మీద కమానులా చువ్వలు వంచి పరదా కప్పుతారు. అడుగున గడ్డి పరిచి బొంతలు వేస్తారు. కొందరు సగం ఎత్తులో చెక్కలు బిగించి మిద్దె కూడా కడతారు. కింద బియ్యం సంచి, పొయ్యి, నీళ్ల డబ్బాలు, గంప కింద కోళ్లు. పైన ముసలివాళ్లు, పిల్లలు.

గోదావరిఖని నుంచి మంథని, కాటారం దాటి కాల్వపల్లి, ఊరట్టం మీదుగా మేడారం సుమారు వంద కిలోమీటర్లు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం చిలకలగుట్ట దిగి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు, నిలువెత్తు బంగారం పేరిట బెల్లం తూకాలు. శనివారం వనప్రవేశం. నాలుగు రోజులూ కళ్లారా చూడాలనుకునే కుటుంబానికి ఆ అడవిలో గది దొరకదు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరలో కూడా లక్షల మంది చెట్ల కిందే కాపురం పెట్టారు. ఇల్లు వెంట తీసుకుపోవడం ఇక్కడ అవసరంలోంచి పుట్టిన విద్య.

ఈ విద్యకే అమెరికాలో వేరే చరిత్ర ఉంది. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో అక్కడి మధ్యతరగతి కుటుంబాలు కారు వెనక తగిలించుకుపోయే చిన్న పడకగదులను ఇంటి పెరట్లోనే కట్టుకోవడం మొదలుపెట్టాయి. ముందు గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా, జారుతున్న నీటిబొట్టు ఆకారం. అందుకే వాటిని టియర్‌డ్రాప్ ట్రైలర్లు అన్నారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు చాలామంది పాటించిన కొలత, ఎందుకంటే అక్కడ ప్లైవుడ్ షీటు అమ్మే సైజు అదే. షీటును కోసి పారేసేది తక్కువ, ఇద్దరు పడుకోవడానికి చోటు సరిపోను. వెనక తలుపు పైకెత్తితే వంటగది. నిలబడి వండుకోవాలి, వానొస్తే ఆ తలుపే చూరు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ పని ఊపందుకుంది. మిగిలిపోయిన సైనిక సామాను చవగ్గా దొరికింది. యుద్ధ విమానాల కోసం చేసిన అల్యూమినియం రేకులు పైకప్పులయ్యాయి, జీపు చక్రాలు ట్రైలర్ చక్రాలయ్యాయి. 1947 సెప్టెంబరులో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ అనే పత్రిక ఇద్దరు పడుకునే ట్రైలర్ నక్షాను కొలతలతో సహా అచ్చువేసింది. రంపం, సుత్తి పట్టడం వచ్చిన ఎవరైనా దాన్ని చూసి కట్టుకోవచ్చు. 1956 తర్వాత పెద్ద రహదారులు, వాటితోపాటే పెద్ద కార్లు, నిలబడేంత ఎత్తున్న ట్రైలర్లు వచ్చి నీటిబొట్టును పక్కకు నెట్టేశాయి. కానీ 1990ల నుంచి అది మళ్లీ లేచింది. కారణం సూటిగా ఉంది: పాత పత్రికల కాగితాలు మిగిలాయి. వాటి నకళ్లు చూసి మనవళ్ల తరం పాత ట్రైలర్ చట్రాలను వెతికి తెచ్చి, తుప్పు గీకి, మళ్లీ పెట్టెలు బిగించింది.

తెలంగాణలో ఇంతకన్నా పాత కథ ఉంది, కాగితం మాత్రం లేదు.

మన దగ్గర మనిషి పడుకునేంత పెట్టెలో ప్రయాణమంటే ఒకప్పుడు పల్లకీ. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు దారిన వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పల్లకీ, బోయీలు, డేరాలు, వంటవాళ్లు, మొత్తం ఒక చిన్న ఊరే ఆయన వెంట నడిచింది. మజిలీ మజిలీకీ నీళ్లెక్కడున్నాయి, బస ఎక్కడ దొరుకుతుందో ఆయన రాసిపెట్టారు కాబట్టి ఆ దారి ఈనాటికీ మనకు తెలుసు. అంత పరివారం లేని రైతు కుటుంబానికి పల్లకీ, డేరా, వంటశాల అన్నీ ఎడ్లబండే.

బొగ్గు గనుల పుట్టుక కథలో కూడా దారిపక్క బస చేసిన యాత్రికులే ఉన్నారు. 1870లో భద్రాచలం పోతున్న యాత్రికులు ఇల్లెందు దగ్గర ఆగి, నల్లరాళ్లను పొయ్యి రాళ్లుగా పెట్టి మంట వేస్తే ఆ రాళ్లే అంటుకున్నాయని సింగరేణి ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు, 1871లో, జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ అక్కడి బొగ్గును నిర్ధారించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889 నుంచి తవ్వకం సాగింది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చింది. గోదావరి ఒడ్డున ఈ వైపు గనులు తెరుచుకున్నది మాత్రం 1960ల తొలినాళ్లలో. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి గనిపనికి వచ్చిన కుటుంబాలు తమ దేవతలనే కాదు, జాతరకు పోయే పద్ధతిని కూడా వెంట తెచ్చుకున్నాయి.

ఆ పద్ధతికి మూలం కచ్చరం బండి. పొలం బండి వేరు, సవారీ కచ్చరం వేరు. కచ్చరానికి వెదురు బద్దలను విల్లులా వంచి గూడు కట్టేవారు. దాని మీద చాప, చాప మీద గోనెపట్టా. జాతర నాటికి పొలం బండికే అలాంటి గూడు తగిలించుకున్న ఇళ్లు చాలా ఎక్కువ, ఎందుకంటే ఒక్క ప్రయాణం కోసం రెండో బండి చేయించుకునే స్తోమత ఎందరికుంటుంది?

చక్రం చేసేది ఇద్దరు. వడ్లాయన తుమ్మ మొద్దును నడిమి భాగంగా తొలిచి, ఆకులు దిగ్గొట్టి, అంచు చెక్కలు కూర్చేవాడు. కమ్మరాయన ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా కొట్టేవాడు. ఆ కొంచెం ఎంతన్నదే ఆయన చేతి గుట్టు. పట్టాను నేలమీద పరిచి చుట్టూ పిడకలు పేర్చి కాలిస్తే అది వేడికి సాగుతుంది. ఎర్రగా ఉన్నప్పుడే పట్టకారులతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు కుమ్మరిస్తే కట్టె పొగలు కక్కుతుంది, ఇనుము బిగుసుకుంటుంది, వదులుగా ఉన్న ఆకులన్నీ కిర్రుమని ఒక్కటైపోతాయి. మేకు లేదు, మర లేదు. ఎక్కువ బిగిస్తే ఆకులు వంగుతాయి, తక్కువైతే ఎండాకాలం కట్టె ఎండి పట్టా ఊడిపోతుంది.

బండి లోపలి ఏర్పాటులో కూడా అంతే తెలివి ఉంది. అడుగున మోకాలెత్తు వరిగడ్డి. అదే మెత్త, అదే మేత. పోయేటప్పుడు పరుపు మందంగా ఉంటుంది, ఎడ్లు తింటున్నకొద్దీ పలచబడుతుంది, తిరుగు ప్రయాణంలో పిల్లల వీపులకు చెక్క తగులుతుంది. బండి కింద ఇరుసుకు కందిలి వేలాడుతుంది. రాత్రి బండి దింపాక ఆ కింది చోటే ఇంకో గది: మగవాళ్లు అక్కడ పడుకుంటారు. మూడు రాళ్ల పొయ్యి బండికి గాలివాటు కాని వైపు పెట్టాలి, గడ్డికి నిప్పురవ్వ తగలకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం బరువు తూకం. ముందుకు ఎక్కువ పేర్చితే భారమంతా ఎడ్ల మెడ మీద పడి కాడి కింద పుండ్లు పడతాయి. వెనక్కి ఎక్కువైతే నొగ లేచి కాడి తాళ్లు ఎడ్ల గొంతుకు పట్టేస్తాయి. అందుకే బియ్యం, బెల్లం ఇరుసు మీదికి వచ్చేలా సర్ది, మనుషులను మాత్రం ఎక్కుదిగుళ్లను బట్టి ముందుకూ వెనక్కూ జరిపేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి. అమెరికా ట్రైలర్ కట్టేవాళ్లు నేటికీ పాటించే లెక్క కూడా ఇదే: మొత్తం బరువులో పదో వంతు నుంచి ఆరేడో వంతు దాకా కొక్కెం మీద ఉండాలి. అంతకన్నా తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపి కారునే రోడ్డు మీంచి లాగేస్తుంది. ఒకళ్లనొకళ్లు ఎన్నడూ చూడని రెండు లోకాల వాళ్లు ఒకే సూత్రానికి చేరుకున్నారంటే కారణం ఇరుసే. రెండు చక్రాల మీద ఇల్లు పెట్టిన ప్రతివాడికీ అది అదే పాఠం చెబుతుంది.

పాత ఇనుమును తిరిగి వాడుకోవడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోలేదు. 1930ల్లో డన్‌లప్ కంపెనీ ఎడ్లబండ్లకు గాలి టైర్లను ప్రచారంలోకి తెచ్చింది. కొత్త టైరు కొనే శక్తి లేని రైతు పాత లారీ, జీపుల ఇరుసులు, అరిగిన టైర్లు తెచ్చి బండికి బిగించుకున్నాడు. రాజస్థాన్‌లో ఒంటె బండ్లు పాత విమానాల టైర్ల మీద నడిచాయి. 1970ల్లో బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండిని మెరుగుపరచాలని దేశమంతా తిరిగి చెప్పారు. ఎద్దు మెడ మీది పుండును ఇంజినీరింగ్ సమస్యగా చూసిన అరుదైన పెద్దమనిషి ఆయన. ఆయన మాట అధికారుల దాకా ఎంత చేరిందో గానీ, టైరు బండి మాత్రం పల్లెల్లో తనంతట తానే పాకిపోయింది. పెద్దపల్లి, మంథని వైపు శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు పారి వరి పెరిగాక ట్రాక్టర్లు వచ్చాయి. ఎడ్లు తగ్గాయి, గూడు మాత్రం ట్రాలీ మీదికి మారింది. వెదురు బద్ద స్థానంలో ఇనుప పైపు, గోనెపట్టా స్థానంలో పరదా, కందిలి స్థానంలో ట్రాక్టర్ బ్యాటరీకి కలిపిన బల్బు.

బండ్లను ఇప్పటికీ వదలనివాళ్లు ఉత్తరాన ఉన్నారు. పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశ గోండులు ఎడ్లబండ్లలో ఇంటిల్లిపాదీ తరలివస్తారు. మర్రిచెట్ల కింద రోజుల తరబడి బస చేస్తారు. వంశంలోని శాఖలు తమకు కేటాయించిన 22 పొయ్యిల మీదే వంతులవారీగా వండుకుంటాయి. ఏ బండి ఎక్కడ ఆగాలో, ఏ పొయ్యి ఎవరిదో అంతా కట్టుబాటు ప్రకారమే. బండి నిలిపే చోటు కూడా వారసత్వమే అన్నంత గట్టిది ఆ వ్యవస్థ.

ట్రాలీ ఇంటికి ఒక చేదు వైపు ఉంది, దాన్ని దాటేసి పోలేం. వ్యవసాయ ట్రాలీకి సాధారణంగా సొంత బ్రేకులుండవు, మనుషులు ఎక్కడానికి అనుమతి కూడా లేదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో పోతున్న ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. మిద్దె కట్టిన ట్రాలీ ఇంకా ప్రమాదం, ఎందుకంటే మనుషుల బరువు పైకెక్కినకొద్దీ మలుపులో డబ్బా వాలిపోతుంది. వాహనం రూపం మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి ఉండాలి. గోదావరిఖనిలో పాత చట్రం కొని కుటుంబానికి క్యాంపర్ కట్టుకోవాలనుకునే వెల్డరు మొదట చూడాల్సింది ఇనుము ధర కాదు, ఈ అనుమతి, బ్రేకులు, వెనక దీపాలు. ట్రాలీని అక్కడికి చేరాక విప్పుకునే ఇల్లుగా వాడుకుని, మనుషులు మాత్రం బస్సులో పోవడం అన్నిటికన్నా క్షేమం. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తూనే ఉంది. అంత దూరం పోలేనివారి కోసం గోదావరిఖనిలోనే గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ గద్దెలున్నాయి.

గనులు, కరెంటు ప్లాంట్లు, ఎరువుల ఫ్యాక్టరీ ఒకే చోట ఉన్న ఈ ప్రాంతంలో ఇనుముతో మాట్లాడగల చేతులకు కొదవలేదు. ఫిట్టర్లు, వెల్డర్లు, టర్నర్లు వీధికొకరున్నారు. కొరత రాతలోనే. ఆ కమ్మరాయన పట్టాకు ఎంత తగ్గించి కొట్టేవాడో, ఆ వడ్లాయన నొగను ఎంత పొడవు పెట్టేవాడో ఎక్కడా అచ్చుకాలేదు. ట్రాలీ మీద కమాను ఎంత ఎత్తైతే గాలికి నిలుస్తుందో కూడా కట్టేవాళ్ల చేతుల్లోనే ఉంది.

మేడారంలో గిరిజన మ్యూజియం ఉంది. గూడు కట్టిన ఒక జాతర బండి, దాని పక్కన కొలతలతో గీసిన నక్షా అక్కడ ఉండాలి. గీయగలిగిన వాళ్లు దూరంగా కూడా లేరు. గోదావరిఖని నుంచి మంథని పోయే దారిలోనే సింగరేణి వారి సెంటినరీ కాలనీ వస్తుంది, అక్కడే జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. జాతర వారంలో ఆ రోడ్డు మీద ట్రాలీలు బారులు తీరి ఆగుతూ సాగుతాయి. ఆ కళాశాల పిల్లలు టేపు పట్టుకుని బయటికొచ్చి, ఆగిన ప్రతి ట్రాలీకీ కమాను ఎత్తు, ఇరుసు నుంచి కొక్కెం దాకా దూరం, మిద్దె చెక్క మందం, బియ్యం సంచి పెట్టిన చోటు రాసుకుంటే చాలు.