పట్టణ బజారుకు వచ్చే ప్రభుత్వ ధనం: తొరపాడి, వేలూరు, గుడియాత్తంలలో చిరువ్యాపారి వాటా

వేలూరులో బస్సు స్టాండు కొత్తగా కట్టారు, బజారు వీధులు తవ్వి మరల వేశారు, కోట్ల రూపాయలు వచ్చినవని పత్రికలలో చదివాము; మరి తోపుడు బండివానికి వచ్చినదేమిటి? సరిహద్దు గ్రామాలనుండి పండ్లు, పూలు, కూరగాయలు తెచ్చి వేలూరు, కాట్పాడి, గుడియాత్తంలలో అమ్ముకొనే తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్న తరచుగా వినవస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. పట్టణాభివృద్ధికి వచ్చే ధనం ఎక్కడినుండి వస్తుంది, అందులో చిన్న వ్యాపారికి చేరేది ఏ రూపంలో చేరుతుంది, ఆంధ్ర చిరునామా ఉన్నవారికి ఏది వర్తిస్తుంది అనే విషయాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ముందుగా కొంత పూర్వచరిత్ర. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు వేలూరు, గుడియాత్తం, చిత్తూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి; ఆనాడు జిల్లా కేంద్రం చిత్తూరే. గీత తరువాత వచ్చినది, వ్యాపారం దారి మాత్రం మారలేదు. మంగళవారం పొయిగై పశువుల సంతకు, వేలూరు మండీ వీధికి, నేతాజీ మార్కెట్టుకు మన పల్లెలవారు నేటికీ వెళ్తూనే ఉన్నారు. వేలూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడి, 2008 ఆగస్టు 1న నగరపాలక సంస్థ అయినది. కేంద్ర కారాగారం వలన పేరెన్నికగన్న తొరపాడి అప్పటికి వేరే పట్టణ పంచాయతీ. 2011లో సత్తువాచ్చారి, శెంబాక్కం మొదలగు ఇరుగుపొరుగు సంస్థలతోపాటు అది కూడా నగరపాలక సంస్థలో విలీనమైనది. నగరమంతా కలిపి 60 వార్డులు, 4 మండలాలు. కాబట్టి తొరపాడి వ్యాపారికి అనుమతి, పన్ను, దుకాణ వేలం అన్నియు ఇప్పుడు నగరపాలక సంస్థ చేతిలోనివే.

ఇక ధనం సంగతి. స్థానిక సంస్థకు సొంత రాబడి ఇంటి పన్ను, వృత్తి పన్ను, దుకాణాల అద్దె. దానికి పైన రాష్ట్రం తన సొంత పన్ను రాబడిలో 10 శాతాన్ని రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసు మేరకు గ్రామ, పట్టణ స్థానిక సంస్థలన్నిటికీ పంచుతుంది. కేంద్ర ఆర్థిక సంఘపు గ్రాంటు మరొకటి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం విధించిన నిబంధన ప్రకారం వేలూరువంటి నగరాలలో అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టవలెను. స్థానిక అవసరాలకు మిగిలేది 40 శాతమే. మార్కెట్టుకు కప్పు వేయడం లేదని సభ్యుని నిందించేముందు ఈ లెక్కను గుర్తుంచుకొనడం మంచిది.

అన్నిటికంటె పెద్ద మొత్తం స్మార్ట్ సిటీ పథకం ద్వారా వచ్చినది. 2015 జూన్ 25న ప్రారంభమైన ఆ పథకంలో వేలూరు 2016 సెప్టెంబరులో ఎంపికైనది. ఒక్కొక్క నగరానికి కేంద్రం 500 కోట్ల రూపాయలవరకు, దానికి సమానంగా రాష్ట్రం, స్థానిక సంస్థ కలిసి ఇవ్వడం నియమం. ఖర్చు పెట్టినది మాత్రం నేరుగా నగరపాలక సంస్థ కాదు. రాష్ట్రం, నగరపాలక సంస్థ సమాన వాటాలతో స్థాపించిన ఒక కంపెనీ. సుమారు 53 కోట్లతో పునర్నిర్మించిన కొత్త బస్సు స్టాండును 2022లో ప్రారంభించారు. అదే సంవత్సరం జూన్‌లో మెయిన్ బజారు సమీపాన ఒక వీధిలో నిలిపి ఉన్న మోటారు సైకిలును పక్కకు తీయకుండానే చక్రాలు మునిగేటట్లు సిమెంటు రోడ్డు వేసిన ఉదంతం దేశమంతటా నవ్వుల పాలైనది. తొందరలో ఖర్చయ్యే ధనం ఎట్లా ఉంటుందో చెప్పడానికి ఆ బండి చాలును. పథకం 2025 మార్చి 31తో ముగిసినది.

ఈ ధనమంతా రాళ్ళకు, సిమెంటుకు, దీపాలకు గ్రాంటుగా వచ్చినది. వ్యక్తికి వచ్చేది అప్పుగానే వస్తుంది. వడ్డీలోనో అసలులోనో కొంత రాయితీ ఉంటుంది. ఈ తేడా తెలియక "ప్రభుత్వం డబ్బు ఇస్తున్నది" అని నమ్మి దళారి చేతిలో మోసపోయినవారు ఉన్నారు.

బజారు బాగుపడుతున్నప్పుడు చిరువ్యాపారికి మొదటి భయం అప్పు దొరకదని కాదు, తన చోటు పోతుందని. అందుకే ముందు చట్టం తెలియవలెను. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం 2014 మే 1 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో ఐదేళ్ళకొకసారి అయినా వీధి వ్యాపారులను లెక్కించవలెను. ఆ లెక్క పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. పట్టణ విక్రయ సంఘం అనే కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులు తామే ఎన్నుకొన్నవారై ఉండవలెను, వారిలో మూడవ వంతు స్త్రీలు. చోటు మార్చవలసివస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వవలెను. సరుకు పట్టుకొన్నచో జాబితా రాసి ఇవ్వవలెను. అడిగినప్పుడు పూలు, పండ్లవంటి చెడిపోయే సరుకును ఆ రోజే, తక్కిన సరుకును రెండు పనిదినాలలో తిరిగి ఇవ్వవలెను. బండిని లాక్కొనిపోయే సమయాన ఎవరూ చట్టం చదవరు, నిజమే. కాని జాబితా అడిగిన మనిషితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ధ్రువపత్రం విషయంలో మరొక సంగతి. కొన్నేళ్ళ క్రితం మా విద్యార్థి తల్లి ఒకామె, మరణించిన భర్త పేరిట ఉన్న కార్డును పారవేయబోతూ నాకు చూపింది. ఆ కార్డు ఇక చెల్లదని ఒక పట్టణంలో ఆమెకు ఎవరో చెప్పారట. చట్టం ప్రకారం వ్యాపారి మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం పొందినా, జబ్బుపడినా, ఆ పత్రం గడువు తీరేవరకు భార్యగాని భర్తగాని, లేదా వారిపై ఆధారపడిన బిడ్డగాని అదే చోట వ్యాపారం చేయవచ్చును. పత్రాన్ని ఇతరులకు అద్దెకు ఇవ్వడం మాత్రం నిషేధం.

ఈ పత్రమే ప్రధానమంత్రి స్వనిధి అప్పుకు ద్వారం. 2020 జూన్ 1న, కరోనా కాలంలో, ఈ పథకాన్ని ఆరంభించారు. మొదట 10,000, అది తీర్చినవారికి 20,000, తరువాత 50,000 రూపాయలు హామీ లేకుండా బ్యాంకు ఇచ్చేది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దీనిని 2030 మార్చి 31 వరకు పొడిగించి, మొదటి విడతను 15,000కు, రెండవ విడతను 25,000కు పెంచినది. మూడవది 50,000గానే ఉన్నది. వాయిదాలు సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. రెండవ విడత తీర్చినవారికి రూపే క్రెడిట్ కార్డు ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు; దానిని అదనపు ఆదాయమని భావించక, అప్పు అని భావించడం క్షేమం.

మన సరిహద్దు కుటుంబాలు ఇక్కడ కొంచెం ఆగి చదవవలెను. స్వనిధి నిబంధనలలో నాలుగు తరగతుల వ్యాపారులు అర్హులు. ధ్రువపత్రం ఉన్నవారు, లెక్కలో పేరున్నా పత్రం అందనివారు, లెక్కలో తప్పిపోయినవారు, లేదా తరువాత వ్యాపారం మొదలుపెట్టినవారు, నాలుగవది, చుట్టుపక్కల గ్రామాలనుండి వచ్చి పట్టణ పరిధిలో అమ్ముకొనేవారు. చివరి రెండు తరగతులవారికి స్థానిక సంస్థగాని పట్టణ విక్రయ సంఘంగాని ఇచ్చే సిఫారసు లేఖ అవసరం. అనగా గుడిపాల మండలంలో ఇల్లు ఉండి రోజూ వేలూరులో పూలు అమ్మే స్త్రీ, చిత్తూరు కార్యాలయానికి కాక, తాను అమ్మే చోటి నగరపాలక సంస్థకే దరఖాస్తు పెట్టుకొనవలెను. ఈ పథకం చూసేది మీరు ఎక్కడ అమ్ముతున్నారన్నది. ఆధార్‌లో ఆంధ్ర చిరునామా చూసి గుమాస్తా వెనుకకు పంపినచో, నాలుగవ తరగతి అని పేర్కొంటూ లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకొనండి. నోటిమాటగా అడిగినదానికి నోటిమాటే జవాబు.

దుకాణంగాని చిన్న పరిశ్రమగాని పెట్టదలచినవారికి ప్రశ్న మారుతుంది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం చూసేది యూనిట్ ఎక్కడ ఉన్నదన్నది. 2025-26 వరకు ఆమోదించిన నిబంధనల ప్రకారం రాయితీ సాధారణ వర్గానికి పట్టణంలో 15, గ్రామంలో 25 శాతం. స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు మొదలగువారికి పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. ఒక లెక్క వేద్దాము. ఒక స్త్రీ 5 లక్షల రూపాయలతో కుట్టుపని యూనిట్ పెట్టదలచినది. తొరపాడి ఇప్పుడు నగరంలో భాగం కాబట్టి అక్కడ పెడితే రాయితీ 1,25,000. అదే యూనిట్ సొంత పల్లెలో పెడితే 1,75,000. తేడా 50,000 రూపాయలు. రెండు చోట్లా ఆమె సొంతంగా పెట్టవలసినది 5 శాతం, అంటే 25,000. అయితే గిరాకీ తొరపాడిలో ఉండి యూనిట్ పల్లెలో ఉంటే ఆటో ఖర్చులో ఆ తేడా ఎన్ని నెలలకు కరిగిపోతుందో ముందే లెక్కించుకొనవలెను. రాయితీ సొమ్ము చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్టుగా ఉండి తరువాత అప్పులో జమ అవుతుంది. బీడీ, మద్యం వ్యాపారాలకు ఈ పథకం వర్తించదు. గుడియాత్తం ప్రాంతంలో బీడీలు చుట్టే ఇళ్ళు అనేకం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చినది.

తమిళనాడు ప్రభుత్వపు నిరుద్యోగ యువజన ఉపాధి పథకం మూడవ ప్రశ్న అడుగుతుంది: మీరు ఎన్నాళ్ళుగా ఇక్కడ ఉంటున్నారు? ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణతతోపాటు మూడేళ్ళ నివాసం దానికి అవసరం. రాయితీ 25 శాతం. ఆంధ్రలో ఇల్లు ఉంచుకొని ఇక్కడ అద్దెకు ఉండేవారు ఈ పథకంవద్దనే ఎక్కువగా చిక్కుకొంటారు. చేతివృత్తులవారికి 2025 ఏప్రిల్‌లో ఆరంభించిన కలైజ్ఞర్ కైవినై పథకంలో 3 లక్షలవరకు అప్పు, 25 శాతం, గరిష్ఠంగా 50,000 రూపాయల రాయితీ ప్రకటించారు. కనీస వయస్సు 35. వీటన్నిటికీ జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని అడగవలెను. 2019లో జిల్లా మూడుగా విడిపోయినా గుడియాత్తం వేలూరు జిల్లాలోనే ఉన్నది.

ఏ రాయితీ లేకున్నా ముద్రా అప్పు ఉన్నది: శిశు తరగతిలో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షలవరకు, తరుణ్‌లో 10 లక్షలవరకు, ముందు అప్పు సక్రమంగా తీర్చినవారికి 2024 అక్టోబరునుండి 20 లక్షలవరకు. ఉద్యమ్ నమోదు ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటుగాని మనిషిగాని ప్రభుత్వానికి చెందినది కాదు.

గుడియాత్తంలో లుంగీ నేత, అగ్గిపెట్టెల తయారీ ఇళ్ళలోనే జరుగుతాయి కాబట్టి అక్కడ అవసరం వ్యక్తిగత అప్పుకంటె వీధి కాలువ, దీపం, సరుకు దించే చోటు. దీనికి ఎక్కువమంది ఎరుగని మార్గం ఒకటి ఉన్నది. 'నమక్కు నామే', అనగా మనకు మనమే, అనే రాష్ట్ర పథకాన్ని 2021-22లో పునరుద్ధరించారు. పనికయ్యే ఖర్చులో మూడవ వంతు ప్రజలు కూడబెట్టినచో తక్కినది ప్రభుత్వం భరిస్తుంది. ఒక వీధి వర్తకులు కలిసి 2 లక్షలు పోగుచేస్తే 6 లక్షల పని అడగవచ్చునన్నమాట. నా అభిప్రాయంలో చిన్న బజార్లకు స్మార్ట్ సిటీకంటె ఇదే తగినది, ఎందుకంటే డబ్బు వేసినవాడు పని నాణ్యతను దగ్గరుండి చూస్తాడు.

చివరగా భాష. దరఖాస్తులు, నోటీసులు తమిళంలో ఉంటాయి. లిపి రానివారు పిల్లలచేత చదివించుకొన్నా కొన్ని మాటలు తికమకపెడతాయి. 'మానియం' అంటే మన మాన్యం భూమి కాదు, రాయితీ. 'తొళిల్ వరి'లో వరి ధాన్యం కాదు. అది వృత్తి పన్ను, ఆరు నెలలకొకసారి కట్టేది. 'కడన్' అప్పు, 'ఏలం' వేలం, 'మానగరాట్చి' నగరపాలక సంస్థ, 'సాలైయోర వియాబారి' వీధి వ్యాపారి, 'మావట్ట తొళిల్ మైయం' జిల్లా పరిశ్రమల కేంద్రం. 'ఇరుప్పిడ సాన్రిదళ్' నివాస ధ్రువపత్రం. పైన చెప్పిన మూడేళ్ళ నివాసాన్ని చూపడానికి అడిగేది దీనినే. అద్దె ఇంటివారు మొదటి సంవత్సరం నుండే అద్దె ఒప్పందం, గ్యాస్ పుస్తకం, పిల్లల బడి రశీదులు ఒక సంచిలో భద్రపరచుకొనవలెను.