కాశీనాథుని నాగేశ్వరరావు
కాశీనాథుని నాగేశ్వరరావు (1867–1938) ఆంధ్రపత్రిక స్థాపకులు, అమృతాంజనం తయారీదారు, గ్రంథ ప్రచురణకర్త, స్వాతంత్ర్యోద్యమ నాయకులు. తెలుగునాట ఆయన పంతులుగారు. బిరుదులు దేశోద్ధారక, విశ్వదాత.

స్వస్థలం కృష్ణా జిల్లా ఎలకుర్రు. బందరులోనూ, మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ చదివి పట్టభద్రులయ్యారు. చదువుకునే రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం పత్రిక వివేకవర్ధని ఆయన మీద గట్టి ముద్ర వేసింది. బతుకుతెరువు కోసం కలకత్తా, ఆపై బొంబాయి చేరారు. తలనొప్పికీ ఒళ్లునొప్పులకూ మందుగా 1893లో అమృతాంజనం తయారుచేశారు. మొదట్లో ఆ పసుపుపచ్చ లేపనాన్ని సంగీత సభలకు వచ్చినవారికి ఊరికే పంచిపెట్టేవారు. గుణం తెలిసినకొద్దీ గిరాకీ పెరిగింది.

మందు తెచ్చిన సొమ్ము అక్షరానికి పెట్టుబడి అయింది. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది. కథలు, చరిత్ర వ్యాసాలు, రంగుల బొమ్మలతో ఉగాదికి వెలువడే సంవత్సరాది సంచికలు పాఠకులు దాచుకునే గ్రంథాలయ్యాయి. 1914 ఏప్రిల్ 1న పత్రిక మద్రాసులో దినపత్రికగా మారింది. నాలుగు నెలలకే ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ వార్తలు తెలుగు ఇళ్లకు తెలుగులోనే చేరాయి. 1924లో ప్రారంభించిన భారతి మాసపత్రికలో కొత్త కవిత్వం, శాసన పరిశోధన పక్కపక్కనే చోటుచేసుకున్నాయి.

1926లో ఆంధ్ర గ్రంథమాల స్థాపించారు. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఇందులో వెలువడింది. సంపాదకుడు కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూయడంతో ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిని నాగేశ్వరరావు తలకెత్తుకున్నారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చిన చేయి ఆయనది.

ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1937 నవంబరు 16న మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్నారు. రాబోయే ఆంధ్ర రాష్ట్రంలో రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమవారే కోరుకోవాలన్న మాట 1953లో కర్నూలు రాజధానిగా నెరవేరింది.

నాగేశ్వరరావు 1938 ఏప్రిల్ 11న మరణించారు. తరువాత పత్రికను అల్లుడు శివలెంక శంభుప్రసాద్ నడిపారు. మద్రాసు (నేటి చెన్నై) మైలాపూరులో నాగేశ్వరరావు పేర ఉద్యానవనం ఉంది.