గుర్తుల్లేని డబుల్ బ్యారెల్ తుపాకి: వస్తువును ఆధారంగా చదవడం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హైదరాబాదు అంచున ఉన్న గ్రామాలు. అలాంటి ఊళ్ళో ఒక పాత ఇంటిని పడగొడుతుండగా, అటక మీద పేరు గాని తేదీ గాని లేని డబుల్ బ్యారెల్ తుపాకి దొరికిందనుకుందాం. "ఇది నిజాం కాలంనాటిది" అంటారు ఇంటివారు. ఈ మాటను మీరు ఎలా పరీక్షిస్తారు?

ముందుగా చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. బాగుచేసినా పేలని పురాతన ఆయుధాలకు 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది గాని, ఆ నిర్ణయం ఇంటివారిది కాదు. కనుక పోలీసులకు తెలియజేయాలి. భయపడి చెరువులో పారేస్తే చారిత్రక ఆధారమే పోతుంది. పరిశీలన నిపుణుల సమక్షంలోనే జరగాలి.

1. నిర్మాణం: సుత్తులు లోపల అమరి ఉండే ఆన్సన్-డీలీ యంత్రాంగానికి 1875లో పేటెంటు లభించింది. అది ఉన్న తుపాకి అంతకు ముందుది కాజాలదు. అయితే మూతి నుంచి మందు కూరే భర్మార్లను పల్లె కమ్మరులు 20వ శతాబ్దంలోనూ చేశారు. అంటే నిర్మాణం తొలి హద్దును చెబుతుంది, చివరి హద్దును చెప్పదు.

2. ముద్రలు: ఇంగ్లండులోను, బెల్జియంలోని లీజ్ నగరంలోను గొట్టాలను అధిక మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేసేవారు. ఇవి సాధారణంగా గొట్టాల అడుగున ఉంటాయి. తుపాకిని విప్పితేగాని కనిపించవు. లీజ్ ముద్రలో అండాకారం మధ్య ఈ, ఎల్, జి అక్షరాలుంటాయి. 1893 నుంచి పైన కిరీటం చేరింది. అడుగున కూడా ఏమీ లేకపోతే అది స్థానిక తయారీ కావచ్చు, లేదా ముద్రలను ఆకురాయితో చెరిపి ఉండవచ్చు.

3. లోహం: గొట్టంపై అలల చారలు చూసి కోనసముద్రం ఉక్కు అనుకోరాదు. అక్కడ ఉక్కును మూసల్లో కరిగించి తీసేవారు. డమాస్కస్ గొట్టాలనేమో ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, చుట్టి, అతికి చేసేవారు.

4. యాజమాన్యం: 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల గడీల్లోని తుపాకులు దళాల చేతికి వెళ్ళాయి. కాబట్టి ఇంటివారి జ్ఞాపకం ఆ తుపాకి ఎవరి దగ్గర ఉండేదో చెప్పవచ్చు. ఎక్కడ తయారైందో చెప్పదు. ఈ రెండు ప్రశ్నలను కలపకపోవడమే ఈ పాఠంలోని ముఖ్యాంశం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: "నిజాం కాలంనాటిది" అనే మాటను నిర్ధారించడానికి పై నాలుగింటిలో ఏ ఆధారం ఎంతవరకు పనికివస్తుంది?