అలక ఖరీదు

మొహం గంటు పెట్టుకోవడం, మూతి ముడవడం, బుంగమూతి పెట్టడం: మా అమ్మమ్మ లెక్కలో ఇవన్నీ అలకలో రకాలు. కోపం వేరు. కోపమొచ్చినవాడు అరుస్తాడు. అలిగినవాడు అన్నం మానేసి, ఎవరైనా వచ్చి బతిమాలతారేమోనని ఓ కంట కనిపెడుతుంటాడు.

పూర్వం ఈ మాటకి ఇంత ముద్దు లేదు. పాత కావ్యాల్లో అలుక అంటే అచ్చమైన ఆగ్రహం. రాజు అలిగితే తలలు తెగేవి. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ నాటకంలో రాయబారానికొచ్చిన కృష్ణుడు కౌరవసభను బెదిరించేది కూడా ధర్మరాజు అలుగుతాడనే. ఆ పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన మా ఊరివాళ్లలో ఒక్కరికీ ధర్మరాజు మూతి ముడుచుకుని కూర్చున్నట్టు తోచి ఉండదు.

మరి ఆ మాటని ఇంట్లోకి తెచ్చిందెవరు? నన్నడిగితే సత్యభామ. నారదుడిచ్చిన పారిజాతం రుక్మిణికి దక్కిందని తెలిసి ఆవిడ కోపగృహం చేరింది. కాళ్లమీద పడ్డ కృష్ణుడి తలని ఎడమకాలితో తోసింది. చివరికి స్వర్గం నుంచి చెట్టుకు చెట్టే పెరట్లోకి వచ్చింది. నంది తిమ్మన ఈ పారిజాతాపహరణాన్ని శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. రాయలకీ తిరుమలదేవికీ మధ్య వచ్చిన పొరపొచ్చం తీర్చడానికే రాశాడని ఓ కథ ఉంది. నిజమో కాదో గాని, రాజుగారికి నేరుగా చెప్పలేనిది కృష్ణుడి మీద పెట్టి చెప్పాడనుకోవడం బాగుంటుంది.

ఆ తర్వాత సత్య అలకని శతాబ్దాలపాటు తెలుగువాళ్లకి చూపించింది చాలావరకు మగవాళ్లే. కూచిపూడి భామాకలాపంలో తెర మీదుగా ముందు జడ కనిపిస్తుంది, మొహం తర్వాత. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మకి భామ వేషం జీవితమంతా అంటిపెట్టుకుని ఉంది. అంతకుముందే నాటకరంగంలో స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ వేసి, ఆడవాళ్లు చీరకట్టు నేర్చుకునేంత పేరు తెచ్చుకున్నాడని మా అమ్మమ్మ చెప్పేది. ఆయనకి పద్మశ్రీ 1956లో వచ్చింది. అలగడం ఎలాగో ఆడవాళ్లకి మగవాళ్లు నేర్పారని ఆవిడ ఎత్తిపొడుపు.

పెళ్లిళ్లలో మాత్రం అలక అచ్చంగా మగపిల్లాడిదే. అలకపాన్పు మీద అల్లుడు మొహం తిప్పుకుని కూర్చుంటాడు, అత్తమామలు బుజ్జగిస్తారు. ఒకప్పుడు వాచీ, తర్వాత సైకిలు, రేడియో, ఆపైన స్కూటరు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అయినా అడిగితే కట్నమయ్యేది అలిగితే ముచ్చటై కూర్చుంది. సత్యకి కావలసింది కృష్ణుడు తనవాడన్న మాట. చెట్టు అందుకు సాక్ష్యం. అల్లుడిగారికి కావలసింది ఏమిటో కంపెనీ పేరుతో సహా ముందురోజే మామగారి చెవిన పడేది. పెళ్లికూతురికి అలగడానికి పాన్పు వేసిన ఇల్లు నేను చూడలేదు.

ఇప్పుడు పూలు చుట్టిన మంచం డెకరేషన్‌వాళ్లే తెస్తున్నారు. మొన్నో పెళ్లిలో పెళ్లికొడుక్కి నవ్వాగడం లేదు. ఫొటోగ్రాఫరు విసుక్కుని, “సార్, ఇంకొంచెం మూతి ముడవండి, కారు తాళాలు అప్పుడే పట్టుకోకండి” అన్నాడు.