ఔట్‌సోర్సింగ్ గణాంకాలు: అమెరికా, భారత్ లెక్కల్లో తేడా

పని విదేశాలకు తరలిపోవడం (ఆఫ్‌షోరింగ్) వల్ల ఎన్ని ఉద్యోగాలు పోయాయి, ఎంత విలువైన సేవలు దిగుమతి అయ్యాయి అన్న ప్రశ్నలకు ప్రభుత్వాలిచ్చే జవాబులనే స్థూలంగా ఔట్‌సోర్సింగ్ గణాంకాలు అంటారు. అమెరికాలో దీనికంటూ ప్రత్యేకమైన పద్దు ఏదీ ఉండేది కాదు. వేరే అవసరాలకు సేకరించిన లెక్కల్లోంచే ఏరుకోవాల్సి వచ్చేది. 2015 నాటికి 33 లక్షల అమెరికా ఉద్యోగాలు బయటికి పోతాయని ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ 2002లో అంచనా వేశాక, అసలు లెక్క ఏమిటన్న వెతుకులాట పెరిగింది.

అమెరికా కాంగ్రెస్ తరఫున పద్దులు పరిశీలించే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం (జీఏవో) 2005లో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో ఇప్పటికీ చదవదగ్గది. 2003లో భారత్ నుంచి తెచ్చుకున్న వ్యాపార, సాంకేతిక సేవల విలువ దాదాపు 42 కోట్ల డాలర్లని అమెరికా లెక్క. అదే ఏడాది అమెరికాకు పంపినవి దాదాపు 870 కోట్ల డాలర్లని భారత్ లెక్క. ఒకరి ఎగుమతే ఇంకొకరి దిగుమతి. రెండూ ఇంచుమించుగా సరిపోవాలి. ఇక్కడ తేడా ఇరవై రెట్ల పైమాటే.

ఎవరో దొంగలెక్క రాశారనుకుంటే పొరపాటు. ఇద్దరూ కొలిచినవి వేర్వేరు. భారతీయ కంపెనీ ఒకటి హైదరాబాద్ ఇంజినీరును హెచ్-1బి వీసా మీద న్యూజెర్సీకి 'ఆన్‌సైట్' పంపిందనుకుందాం. అతను అక్కడ చేసే పని భారత్ పుస్తకాల్లో సాఫ్ట్‌వేర్ ఎగుమతి. ఏడాది దాటి అక్కడే ఉంటే, అమెరికా దృష్టిలో అతను ఆ దేశ నివాసి. అతని సంపాదన దిగుమతి కిందికి రాదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి పద్ధతి ప్రకారం కూడా నివాసాన్ని తేల్చేది ఈ ఏడాది గీతే. మన ఊళ్లలో 'అబ్బాయి అమెరికాలో ఉన్నాడు' అనే ఇళ్లలో కొన్ని తెలియకుండానే ఈ తేడాలో భాగమన్నమాట.

రెండో కారణం మరో చిల్లు. అమెరికా చెప్పిన ఆ 42 కోట్లలో ఒకదానితో ఒకటి సంబంధం లేని సంస్థల మధ్య వ్యాపారమే ఉంది. మాతృసంస్థకు దాని సొంత విదేశీ విభాగం చేసిపెట్టే ఇలాంటి సేవలను దేశాల వారీగా విడదీసి చూపే లెక్క అప్పట్లో లేదు. 1998లో హైదరాబాద్‌లో మొదలైన మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం లాంటివి చేసే పని ఈ కోవలోదే. ఇవి కాక, యంత్రాల్లో అమర్చి పంపే సాఫ్ట్‌వేర్ సేవా, సరుకా అన్న పేచీ ఒకటి. అమెరికా కంపెనీలకు ఇతర దేశాల్లో ఉన్న శాఖలకు అమ్మినది ఎవరి ఖాతాలో వేయాలన్నది మరొకటి.

సరుకుల తయారీ రంగానిది వేరే చిక్కు. కంపెనీ ఒక విడిభాగాన్ని దేశంలో కొనడం మానేసి చౌకగా విదేశం నుంచి తెప్పించుకుంటే, ఆ ధర తగ్గుదలను దిగుమతి ధరల సూచీలు పట్టుకోలేవు. దాంతో వాడిన విడిభాగాలు తక్కువగా లెక్కకెక్కి, ఉత్పత్తి నిజంగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ 'ఆఫ్‌షోరింగ్ పక్షపాతం' వల్ల 1997 నుంచి 2007 వరకు అమెరికా తయారీ రంగ వృద్ధి ఏటా 0.2 నుంచి 0.5 శాతం పాయింట్లు ఎక్కువగా నమోదైందని ఆర్థికవేత్త సూసన్ హౌస్‌మన్, ఆమె సహచరులు 2011లో అంచనా కట్టారు.

ఉద్యోగాల లెక్క మరీ పలచన. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2004 జనవరి నుంచి, పెద్ద ఎత్తున కోతలు పెట్టిన సంస్థలను 'పని ఎక్కడికైనా తరలించారా?' అని అడగడం మొదలుపెట్టింది. మొదటి మూడు నెలల్లో పని దేశం దాటినందువల్ల ఉద్యోగం పోయినవారు 4,633 మంది అని తేలింది. మొత్తం కోతల్లో అది దాదాపు 2 శాతం. ఆఫ్‌షోరింగ్ భయమంతా ఉత్తదేనని కొందరు ఈ అంకెనే చూపించారు. కానీ ఒకే సంస్థ నుంచి ఐదు వారాల్లో కనీసం 50 మంది నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకుంటేనే ఆ కోత లెక్కలోకి వచ్చేది. పది మందిని తీసేసిన ఆఫీసు ఇందులో కనిపించేది కాదు. ఎవరినీ తీసేయకుండా కొత్త ఖాళీలన్నీ బెంగళూరులో నింపుకున్న కంపెనీ అసలే కనిపించేది కాదు. కారణం చెప్పేది కూడా ఉద్యోగం తీసేసిన యజమానే. ఈ మాత్రం సర్వే కూడా 2013లో, ప్రభుత్వ ఖర్చుల కోతల్లో ఆగిపోయింది.