వాసెనకుడుము: ఒక వంట, ఒక మాట

వినాయక చవితినాడు కుడుము లేని తెలుగిల్లు ఉండదు. మా పూర్వులు గంజాం జిల్లావారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు బరంపురము అందులో చేరినది. మా తాతగారు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదలినది. ఆనాటినుండి మా ఇంట తెలుగును నిలిపినవి రెండే: వంటిల్లు, పూజగది.

పూర్వము ఇడ్డెన పాత్రలు లేని ఇండ్లలో కుండలో సగము నీరు పోసి, మూతికి తడిబట్టను బిగించి కట్టి, దానిపై పిండి పరచి ఆవిరిపై ఉడికించెడివారు. ఆ బట్టకు వాసెన యని పేరు. అట్లు వండినది వాసెనకుడుము.

ఈ జాతి వంటలు చాల పాతవి. సుమారు 920 నాటి కన్నడ గ్రంథము వడ్డారాధనెలో 'ఇడ్డలిగె' పేరు కనబడును. 1025 ప్రాంతమున రెండవ చావుండరాయలు లోకోపకారమను గ్రంథములో మినపపప్పును మజ్జిగలో నానబెట్టి రుబ్బి, పెరుగుతేట, జీలకర్ర, కొత్తిమీర, మిరియములు, ఇంగువ కలుపు విధానమును చెప్పెను. అందు బియ్యము ప్రసక్తి లేదు. మన వాసెనకుడుములోను బియ్యము లేకుండుట గమనింపదగినది.

ఇరుగుపొరుగువారికిని ఈ రుచి తెలియనిది కాదు. కన్నడిగులకు కడుబు, తమిళులకు కొళుక్కట్టై, మహారాష్ట్రులకు ఉకడీచే మోదక్ కలవు. ఒడియావారు ప్రథమాష్టమినాడు పసుపాకులలో ఎండురి పిఠా వండుదురు. కోనసీమలో పనసాకుల బుట్టలలో పొట్టిక్కలు ఉడికింతురు. పేర్లు వేరైనను ఆవిరి యొక్కటే.

ఇంట చేయు పద్ధతి సులభము. ఒక గ్లాసు మినపపప్పును నాలుగు గంటలు నానబెట్టి, తక్కువ నీటితో మెత్తగా రుబ్బి, ఉప్పు కలిపి రాత్రంతయు ఉంచవలెను. మరునాడు నీరు మరిగి ఆవిరి వచ్చిన పిదప వాసెనపై పిండి పరచి, మూత పెట్టి, సుమారు 15 నిముషములు మధ్యమంటపై ఉంచవలెను. సన్నపుల్ల గుచ్చినప్పుడు పిండి అంటనిచో ఉడికినట్లే. అల్లపు పచ్చడితో గాని, బెల్లపు పాకము, నేతితో గాని తినవచ్చును. నూనె చుక్కయు పట్టదు. పప్పులోని మాంసకృత్తులు దక్కును. నూనె తగ్గింపుమని వైద్యుడు చెప్పిన మావంటి వృద్ధులకు ఇది పండుగనాడు నోరు కట్టుకొనవలసిన పని లేకుండ చేసినది. అయినను పాకమును, నేతిని మితముగా వాడుట మేలు.

నిరుడు చవితికి మా మనుమరాలు, "తాతయ్యా, వాసెన అంటే ఏమిటి?" అని అడిగినది. మా ఇంట ఇడ్డెన పాత్ర వచ్చి నలుబది ఏండ్లయినది. పాత్రతో పని సులువైనది, నిజమే. కాని వాసెన యను మాట మా నోట రాక ఎన్నాళ్లయినదో! నా కొలువంతయు పరభాషలలో కాగితములు వ్రాయుటతోనే గడచినది. ఇంటి మాట జారిపోవుట నేను గమనింపనే లేదు.

వెంటనే కుండ దింపి, పాత పంచె చింపి కట్టితిని. ముడి వదులై మొదటి వాయి నీటిపాలైనది, అందరును నవ్విరి. రెండవసారి మా ఇల్లాలు ముడి బిగించినది. కుడుము పొంగినది. మనుమరాలు ఆ మాటను తన పుస్తకములో తెలుగులిపిలో వ్రాసికొనినది.

సోదరీమణులారా, సోదరులారా! ఏడాదికొక్కసారియైనను కుండకు వాసెన కట్టుడు; పిల్లలచేత ముడి వేయింపుడు. చేతికి వచ్చిన మాట నోటినుండి త్వరగా పోదు.